వేడి చేసిందనుకున్నాను, కిడ్నీకి పాకింది: ఇరవై మూడు రోజుల నా అనుభవం

2025 మార్చి 27, గురువారం. మధ్యాహ్నం మూత్రానికి వెళ్తే చివర్లో మంట. సాయంత్రమయ్యేసరికి పావుగంటకోసారి పరుగు, వెళ్తే నాలుగు చుక్కలు. ఎండలు ముదురుతున్నాయి, పనిలో పడి పొద్దుట్నుంచి నీళ్ళు సరిగా తాగలేదు, వేడి చేసిందనుకున్నాను. అత్తయ్య కూడా అదే అన్నారు. బార్లీ నీళ్ళు, నానబెట్టిన సబ్జా గింజలు, పలచటి మజ్జిగ మొదలయ్యాయి.

నేను ఖమ్మంలో ఒక ల్యాబ్‌లో పదకొండేళ్ళుగా యూరిన్ కల్చర్లు పెడుతున్నాను. మూత్రంలో పెరిగిన సూక్ష్మజీవి ఏదో, దానికి ఏ మందు పనిచేస్తుందో చూడడమే నా ఉద్యోగం. అయినా నా సొంత మంటకి ఆ రోజు సాంపిల్ ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే ఏమయ్యేదో చెప్పలేను గాని, ఇవ్వకపోవడం వల్ల ఏమైందో తేదీలవారీగా రాస్తున్నాను.

28న మందుల డబ్బాలో నార్‌ఫ్లాక్సాసిన్ 400 అనే యాంటిబయాటిక్ బిళ్ళలు ఆరు దొరికాయి. ఎప్పుడో ఇంట్లో ఎవరికో రాసినవి, మిగిలిపోయాయి. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, మూడు రోజులు వేసుకున్నాను. 30న ఉగాది. ఆ రోజుకి మంట చాలావరకు తగ్గింది. పచ్చడి, పులిహోర, వచ్చేపోయే చుట్టాలు, ఆ హడావిడిలో సంగతి మర్చిపోయాను. తగ్గింది అని నేననుకున్నది మంట మాత్రమే. మూత్రం రంగు ఇంకా మబ్బుగానే ఉంది, వాసన తేడాగానే ఉంది. అవి గమనించాను, పట్టించుకోలేదు.

ఏప్రిల్ 5, శనివారం. కుడివైపు నడుం నొప్పి. ఎక్కడో కచ్చితంగా చెప్పాలి, ఎందుకంటే అందరూ దీన్ని మామూలు నడుం నొప్పితో కలిపేస్తారు. ఆఖరి పక్కటెముక కింద, వెన్నెముకకి పక్కన, అరచెయ్యి పెడితే కప్పేంత చోట. వంగినా లేచినా నొప్పిలో తేడా లేదు. కండరం పట్టేసిన నొప్పయితే ఒక భంగిమలో హాయిగా ఉంటుంది. దీనికి అలాంటి భంగిమే లేదు. బెంచి దగ్గర గంటల తరబడి కూర్చుంటాం కదా, అందుకే అనుకుని ఎసిక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిసిన నొప్పి మాత్ర ఆ రోజు రెండు, మర్నాడు రెండు వేసుకున్నాను. అది రెండు రకాలుగా చెడు చేసింది. లోపల రాజుకుంటున్న జ్వరాన్ని కప్పేసింది. అసలే వాచిన కిడ్నీకి రక్తం అందడాన్ని కూడా ఈ రకం నొప్పి మాత్రలు తగ్గిస్తాయి.

6వ తేదీ ఆదివారం, శ్రీరామనవమి. పానకం రెండు గుక్కలు తాగితే వాంతయింది. రాత్రి తొమ్మిదిన్నరకి చలి మొదలైంది. ఖమ్మంలో ఏప్రిల్ నెల, ఇంట్లో ఫ్యాను తిరుగుతుంటేనే చెమటలు. అలాంటిది రెండు రగ్గులు కప్పినా పళ్ళు టకటకా కొట్టుకున్నాయి, మంచం కదిలింది. మా ఆయన కాళ్ళు గట్టిగా పట్టుకుని కూర్చున్నారు. నలభై నిమిషాలు అలాగే. వణుకు ఆగాక థర్మామీటర్ పెడితే 103.4. మా పాప తలుపు దగ్గర నిలబడి చూస్తోంది, దాన్ని పక్క గదిలోకి పంపమని చెప్పడానికి కూడా నాకు నోరు రాలేదు. ఆ వణుకు అర్థం నాకు తెలుసు. మూత్రసంచిలో ఉన్నంతసేపు ఇన్‌ఫెక్షన్ మంట పెడుతుంది, మహా అయితే ఒళ్ళు వెచ్చబెడుతుంది. ఇలా ఒళ్ళంతా ఊపేసే చలిజ్వరం, పక్కన నొప్పి, వాంతులు మూడూ కలిశాయంటే అది పైకి, కిడ్నీలోకి వెళ్ళినట్టే. తెల్లారాక వెళ్దాం అన్నాను. అదీ తప్పే, రాత్రే వెళ్ళాల్సింది.

7వ తేదీ పొద్దున ఆరున్నరకి ఒక ప్రైవేటు ఆసుపత్రి ఎమర్జెన్సీలో ఉన్నాను. బీపీ 96/60, నాడి 124. డ్యూటీ డాక్టర్ వీపు మీద ఎడమవైపు పిడికిలితో మెల్లగా తట్టారు, ఏమీ లేదు. కుడివైపు అంతే మెల్లగా తట్టారు, కేక పెట్టాను. తర్వాత వరసగా ప్రశ్నలు. షుగర్ ఉందా, ఇంతకుముందు రాళ్ళున్నాయా, ఈ మూడు నెలల్లో యాంటిబయాటిక్ వాడారా, ఏ మందైనా పడదా, గర్భం ఉండే అవకాశముందా. లేదన్నా ప్రెగ్నెన్సీ పరీక్ష చేశారు. నాకు చిరాకేసింది గాని అది అవసరమే. గర్భం ఉంటే వాడే మందులు మారిపోతాయి, స్కానింగ్ పద్ధతి మారిపోతుంది. అటు కౌంటర్ దగ్గర మా ఆయన్ని ఎవరో టైఫాయిడ్ టెస్టు కూడా రాయించుకోండి, జ్వరం కదా అన్నారట. డాక్టర్ వద్దన్నారు. ఒక్కరోజు జ్వరానికి వైడాల్ పరీక్ష చేస్తే వచ్చే ఫలితంతో ఏమీ తేలదు, అనవసరంగా దారి తప్పిస్తుంది.

ఏడు గంటలకి సిస్టర్ సెఫ్‌ట్రయాక్సోన్ అనే యాంటిబయాటిక్ ఇంజెక్షన్ కలిపి తెచ్చారు. యూరిన్ కల్చర్‌కి సాంపిల్ అప్పటికి తీయలేదు. "సిస్టర్, ముందు డబ్బా ఇవ్వండి" అన్నాను. "తర్వాత ఇవ్వొచ్చమ్మా, ముందు మందు పడనివ్వండి" అన్నారు. తర్వాత ఇస్తే కుదరదు. ఒక్క డోసు రక్తంలోకి వెళ్ళినా కొన్ని గంటల్లోనే మూత్రంలో ఆ మందు చేరుతుంది, ల్యాబ్‌లో క్రిముల్ని పెంచి చూసే ప్లేటు మీద ఏమీ పెరగకపోవచ్చు. రిపోర్టులో పస్ సెల్స్ (చీము కణాలు) నిండా ఉంటాయి, కల్చర్‌లో మాత్రం ‘నో గ్రోత్’ అని వస్తుంది. అలాంటి రిపోర్టుల మీద నేనే వందలసార్లు సంతకం పెట్టాను. ఇక్కడ ఒక మాట. మనిషి స్పృహ తప్పేలా ఉన్నా, బీపీ ఇంకా పడిపోతున్నా సాంపిల్ కోసం మందు ఆపకూడదు, అప్పుడు ప్రతి నిమిషమూ ముఖ్యమే. నాకు ఐదు నిమిషాలు పట్టింది, అంతే.

సాంపిల్ ఎలా ఇవ్వాలో ఎవరూ సరిగా చెప్పరు. డబ్బా చేతిలో పెట్టి బాత్రూమ్ చూపిస్తారు. ముందు చేతులు కడుక్కోవాలి. కింది భాగం మామూలు నీళ్ళతో ముందునుంచి వెనక్కి కడుక్కోవాలి, డెటాల్ లాంటివి వాడకూడదు, వాటి చుక్క డబ్బాలో పడినా సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. పొడి గుడ్డతో అద్దుకోవాలి. మొదట వచ్చే మూత్రం వదిలేసి, ధార ఆపకుండా మధ్యలో డబ్బా పట్టాలి. పావు వంతు నిండితే చాలు. డబ్బా లోపలివైపు, మూత లోపలివైపు వేలు తగలకూడదు. రెండు గంటల్లోపు ల్యాబ్‌కి చేరాలి, లేదంటే ఫ్రిజ్‌లో పెట్టాలి. ఏప్రిల్ ఎండలో డబ్బా నాలుగు గంటలు టేబుల్ మీద ఉంటే, చర్మం మీంచి పడిన నాలుగు క్రిములే వేలవుతాయి. అప్పుడు రిపోర్టు ‘మిక్స్‌డ్ గ్రోత్, మళ్ళీ సాంపిల్ పంపండి’ అని వస్తుంది. ఈలోపు మందు మొదలైపోయి ఉంటుంది, మళ్ళీ పంపినా ఫలితం ఉండదు.

రెండు చేతులకీ వేర్వేరుగా గుచ్చి బ్లడ్ కల్చర్‌కి కూడా రక్తం తీశారు. ఏడుంబావుకి మొదటి ఇంజెక్షన్ పడింది. తొమ్మిదికల్లా రిపోర్టులొచ్చాయి. మూత్రంలో పస్ సెల్స్ లెక్కపెట్టలేనన్ని, క్రిములున్నాయని చెప్పే నైట్రైట్ పాజిటివ్. రక్తంలో తెల్లకణాలు 18,400, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.6. నాకు ఎప్పుడూ 0.8 ఉండేది. ఆ అంకె చూసినప్పుడు నిజంగా భయమేసింది. నొప్పి మాత్రలు వేసుకున్న సంగతి డాక్టర్‌కి అప్పుడు చెప్పాను. "ముందే చెప్పాలి కదమ్మా" అన్నారు. కోప్పడలేదు. నొప్పికి పారాసిటమాల్ తప్ప ఇంకేదీ ఇవ్వొద్దని కేస్ షీట్ పైన పెద్దక్షరాలతో రాశారు. అత్తయ్య కొబ్బరిబోండాం పంపిస్తే దాన్నీ రెండు రోజులు వద్దన్నారు. కిడ్నీ నెమ్మదించినప్పుడు పొటాషియం పేరుకుంటుంది, కొబ్బరినీళ్ళలో అదే ఎక్కువ.

మధ్యాహ్నం అల్ట్రాసౌండ్‌కి మూత్రసంచి నిండుగా ఉండాలన్నారు. వాంతులతో నీళ్ళు తాగలేని మనిషికి అది ఎలా నిండాలి? సెలైన్ రెండు సీసాలు ఎక్కాక గాని కుదరలేదు, రెండున్నర గంటలు వీల్‌చైర్‌లో కూర్చున్నాను. ఈ స్కానింగ్‌లో వాళ్ళు వెతికేది ముఖ్యంగా ఒకటే: దారిలో రాయి అడ్డుపడి కిడ్నీ ఉబ్బిందా అని. అడ్డు ఉంటే ఎంత మంచి యాంటిబయాటిక్ అయినా పనిచేయదు. ముందు మూత్రం దారిలో స్టెంట్ అనే సన్న గొట్టం వేసో, వీపులోంచి గొట్టం పెట్టో ఆ చీముని బయటికి తీయాలి, అది అప్పటికప్పుడు చేయాల్సిన పని. నాకు రాయి లేదు, ఉబ్బు లేదు. కుడి కిడ్నీ ఎడమదానికన్నా పెద్దగా, వాచి ఉంది. మూత్రానికి వెళ్ళొచ్చాక మళ్ళీ చూశారు, సంచిలో మిగిలింది 20 మిల్లీలీటర్లే. అది బాగానే ఉన్నట్టు.

తర్వాత మిగిలింది ఎదురుచూడడమే. ఆ రెండు రోజులు నాకు అన్నిటికన్నా కష్టమైనవి, ఎందుకంటే ప్లేటు మీద ఏ గంటకి ఏం జరుగుతోందో మంచం మీంచే నాకు తెలుస్తోంది. రోగులు కౌంటర్ దగ్గరికొచ్చి "రెండు రోజులా? ఎందుకంత ఆలస్యం?" అని అడుగుతుంటారు, అందుకే కాస్త వివరంగా చెప్తాను. మిల్లీలీటర్‌లో వెయ్యో వంతు పట్టే తీగతో మూత్రాన్ని ప్లేటు మీద గీస్తాం. ప్లేటుని 37 డిగ్రీల పెట్టెలో ఒక రాత్రంతా ఉంచాలి. మర్నాడు చుక్కల్లా పెరిగిన గుంపుల్ని లెక్కపెడతాం. వంద గుంపులుంటే మిల్లీలీటర్ మూత్రంలో లక్ష ఉన్నట్టు. మూత్రం ఇన్‌ఫెక్షన్లలో ఎక్కువగా కనిపించే పేగు క్రిమి ఈ-కోలై అయితే నీలిపచ్చగా ఉండే ప్లేటు పసుపురంగుకి తిరుగుతుంది. అప్పుడు ఆ గుంపుని తీసి ఇంకో ప్లేటంతా పరిచి, మందు పూసిన కాగితం బిళ్ళలు దాని మీద పెడతాం. ఇంకో రాత్రి ఆగాలి. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ ఏమీ పెరగని వలయం ఏర్పడుతుంది, దాన్ని స్కేలుతో కొలుస్తాం. రెండు రాత్రులు పెరగాల్సినదాన్ని ఎవరూ తొందరపెట్టలేరు. కొన్ని రకాల మిషన్లుంటే కొన్ని గంటలు తగ్గుతాయి, అంతే.

8వ తేదీ మధ్యాహ్నం మొదటి కబురు: ఈ-కోలై, లక్షకి పైన. ఆ రోజు జ్వరం 102, 103 మధ్య ఆడింది. సెఫ్‌ట్రయాక్సోన్ మొదలై ఒకటిన్నర రోజయింది. సరైన మందు పడినా కిడ్నీ ఇన్‌ఫెక్షన్‌లో జ్వరం దిగడానికి రెండు, మూడు రోజులు పడుతుంది, కాబట్టి జ్వరం ఉన్నంత మాత్రాన మందు పనిచేయట్లేదని చెప్పలేం. కానీ నాకు ప్రతి ఎనిమిది గంటలకీ వణుకు వస్తోంది, వణుకు మధ్య వ్యవధి పెరగడం లేదు. డాక్టర్ రోజూ అదే చూశారు. 9న కూడా తగ్గకపోతే సీటీ తీద్దాం, చీము గడ్డేమైనా కట్టిందేమో అన్నారు. ఆ రాత్రి నేను నిద్రపోలేదు. నా బెంచి మీదికి వచ్చే డబ్బాల మీద పేరూ, వయసూ తప్ప నేనేనాడూ ఇంకేమీ చూడలేదు. ఆ డబ్బా అవతల ఒక మనిషి ఇలా గడియారం చూస్తూ పడుకుని ఉంటారని ఆ రాత్రి తెలిసొచ్చింది.

9వ తేదీ మధ్యాహ్నం మూడింటికి పూర్తి రిపోర్టు. ఈఎస్‌బీఎల్ రకం. అంటే పెన్సిలిన్, సెఫలోస్పోరిన్ జాతి మందుల్ని విరగ్గొట్టే ఎంజైమ్ తయారుచేసుకునే ఈ-కోలై. సెఫ్‌ట్రయాక్సోన్ ఎదురుగా ‘ఆర్’, సిప్రోఫ్లాక్సాసిన్ ఎదురుగా ‘ఆర్’, కోట్రైమాక్సజోల్ ఎదురుగా ‘ఆర్’. ఆర్ అంటే పనిచేయదు, ఎస్ అంటే పనిచేస్తుంది. ఉగాది రోజుల్లో నేను మింగిన నార్‌ఫ్లాక్సాసిన్ సిప్రో జాతిదే. దానికి లొంగని క్రిమికి ఆరు బిళ్ళలు వేశానన్నమాట. ఎర్టాపెనెమ్, మెరోపెనెమ్, అమికాసిన్, నైట్రోఫ్యురాంటోయిన్, ఫాస్ఫోమైసిన్‌లకి ‘ఎస్’.

ఇక్కడే చాలామంది పొరబడతారు, మా ఆయన కూడా అడిగారు. "నైట్రోఫ్యురాంటోయిన్ మాత్రే కదా, పనిచేస్తుందనే ఉంది, ఆసుపత్రి ఎందుకు, మాత్రలు తీసుకుని ఇంటికి పోదామా?" అని. ఆ మందు, ఒక్క పొడి ప్యాకెట్‌గా తాగే ఫాస్ఫోమైసిన్ మూత్రసంచిలో బాగా చేరతాయి, కిడ్నీ కండలో చాలినంత చేరవు. ప్లేటు మీద వలయం వచ్చినా కిడ్నీలో పనిచేయవు. రిపోర్టులో ‘ఎస్’ అని ఉన్నదల్లా మన జబ్బుకి మందని అర్థం కాదు. అమికాసిన్ పనిచేసేదే, కానీ అది కిడ్నీ మీద, చెవి మీద భారం వేస్తుంది, క్రియాటినిన్ 1.6 ఉన్నప్పుడు వద్దన్నారు. రోజుకి ఒక్కసారి ఇస్తే సరిపోతుంది కాబట్టి ఎర్టాపెనెమ్ 1 గ్రాము ఎంచుకున్నారు. మెరోపెనెమ్ అయితే ఎనిమిది గంటలకోసారి, అంతకాలమూ మంచమే. మొదలుపెట్టే ముందు మూర్ఛకి వాల్‌ప్రోయేట్ వాడుతున్నారా అని అడిగారు. ఈ జాతి మందులు రక్తంలో దాని మోతాదుని పడగొట్టి మూర్ఛలు తెప్పిస్తాయి. వాడే మాత్రలన్నీ చెప్పాలనడానికి ఇదొక కారణం. మందుని సెలైన్‌లోనే కలపాలి, గ్లూకోజ్‌లో కలపకూడదు. అరగంటలో ఎక్కించారు.

ఆ రాత్రి పన్నెండింటికి ఇంకో వణుకు వచ్చింది, పాత వాటికన్నా చిన్నది. 10న జ్వరం 100.6. 11న సాయంత్రం 98.4. సీటీ అవసరం రాలేదు. 11న పొద్దున పెరుగన్నం నాలుగు ముద్దలు తిన్నాను, ఐదు రోజుల తర్వాత. క్రియాటినిన్ 1.1కి దిగింది. 12న ఇంటికి పంపారు. అప్పటికి బ్లడ్ కల్చర్‌లో ఐదు రోజులకీ ఏమీ పెరగలేదు.

మొత్తం పది డోసులు రాశారు, అంటే 18వ తేదీ దాకా. డిశ్చార్జ్ నాటికి నాలుగు పడ్డాయి. మిగతా ఆరింటికి రోజూ పొద్దున డే కేర్‌కి వెళ్ళాను. చేతికి కాన్యులా (మందు ఎక్కించడానికి నరంలో పెట్టే సన్న గొట్టం) ఉంచే ఇంటికి పంపారు. దీని గురించి ముందుగా ఎవరూ చెప్పలేదు గనక రాస్తున్నాను. స్నానానికి చేతికి పాలిథిన్ కవర్ చుట్టి రబ్బరు బ్యాండ్ వేసుకోవాలి, అయినా తడుస్తుంది, అందుకే ఆ చేతిని పైకెత్తి ఉంచేదాన్ని. రోజూ డోసు ముందూ తర్వాతా సెలైన్‌తో కడగమని అడగాలి, లేకపోతే రక్తం గడ్డకట్టి మూసుకుపోతుంది. సూది చుట్టూ ఎర్రబడినా, నరం తాడులా గట్టిపడినా, మందు ఎక్కుతుంటే మండినా వెంటనే తీయించాలి. నాకు 15న ఎడమచేతిది వాచింది, కుడిచేతికి మార్చారు. రెండోరోజు నుంచి విరేచనాలు రోజుకి రెండు పలచగా. మూడుకి మించితే, నీళ్ళలా అయితే వెంటనే చెప్పమన్నారు, విరేచనాలు ఆపే మాత్రలు సొంతంగా వేసుకోవద్దన్నారు. ఎనిమిదో రోజుకి కింద దురద మొదలైంది, అది ఫంగస్. యాంటిబయాటిక్‌తో మంచి క్రిములు కూడా పోతే అలా వస్తుంది. క్లోట్రిమజోల్ ఆరు రాత్రులు వాడితే పోయింది. సిగ్గుపడి చెప్పకపోతే దాన్ని మళ్ళీ మూత్రం మంట అనుకునేదాన్ని.

ఖర్చు. ఐదు రాత్రుల గదికి 14,000, పరీక్షలూ స్కానింగూ 9,200, మందులూ మిగతావీ కలిపి మొత్తం బిల్లు 46,300. మా ఆయన కంపెనీ ఇన్సూరెన్స్‌లో క్యాష్‌లెస్ వచ్చింది, గ్లౌజులు, కాటన్, రిజిస్ట్రేషన్ లాంటి వాటి కింద 4,100 మేమే కట్టాం. డే కేర్ ఆరు రోజులకి రోజుకి మందు 1,850, ఎక్కించినందుకు 300, వెరసి 12,900. ఇది సొంత ఖర్చే అనుకున్నాం. కానీ మా పాలసీలో డిశ్చార్జ్ తర్వాత అరవై రోజుల దాకా అదే జబ్బు ఖర్చులకి క్లెయిమ్ ఉంది. మందు వాడమని డిశ్చార్జ్ కాగితంలోనే డోసుల సంఖ్యతో సహా రాసి ఉండాలి, ప్రతి బిల్లు మీదా నా పేరుండాలి. ఒక రోజు బిల్లు మా ఆయన పేరు మీద కొట్టారు, దాన్ని మార్పించడానికి రెండుసార్లు తిరగాల్సి వచ్చింది. డబ్బు జూన్ మొదటి వారంలో పడింది.

నీరసం గురించి ఎవరూ హెచ్చరించలేదు. జ్వరం పోయాక కూడా దాదాపు మూడు వారాలు మెట్లెక్కితే ఆగాల్సి వచ్చింది. మే 2న క్రియాటినిన్ 0.8. మళ్ళీ కల్చర్ చేయిద్దామా అని నేనే అడిగాను. ఇబ్బందేమీ లేనప్పుడు వద్దన్నారు. మంటా జ్వరమూ లేకుండా మూత్రంలో క్రిములున్నా, గర్భిణులకీ, మూత్రనాళంలో ఆపరేషన్ జరగబోయేవాళ్ళకీ తప్ప మందు అక్కర్లేదు. ఉత్తినే కల్చర్ చేయించి, వచ్చిన క్రిమికి మందేస్తే ఇంకా మొండిది తయారవుతుంది. మా ల్యాబ్‌కి అలా వచ్చే సాంపిల్స్ తక్కువేమీ కాదు.

మళ్ళీ వస్తే ఏం చేయాలో కాగితం మీద రాసిచ్చారు. ఒకసారి ఈఎస్‌బీఎల్ వచ్చిందని ఏ డాక్టర్ దగ్గరికెళ్ళినా ముందే చెప్పాలి, రిపోర్టు ఫోటో ఫోన్‌లో ఉంచుకోవాలి. మంట మొదలైన రోజే కల్చర్ ఇచ్చి, తర్వాతే మందు. మూత్రసంచి వరకే ఉంటే నైట్రోఫ్యురాంటోయిన్ సరిపోవచ్చు. చలి, నడుం పక్కన నొప్పి, వాంతి, వీటిలో ఏది వచ్చినా రాత్రయినా సరే ఆసుపత్రికి. మందుల డబ్బాలో మిగిలిన యాంటిబయాటిక్‌లన్నీ ఆ సాయంత్రమే తీసేశాను. మే 5న బెంచి దగ్గరికి తిరిగి వెళ్ళాను. మా సాంపిల్ ఫారంలో ‘ఇప్పటికే వాడుతున్న యాంటిబయాటిక్, మొదలుపెట్టిన తేదీ’ అని ఒక గడి ఉంది. ఇన్నాళ్ళూ అది ఖాళీగానే వచ్చేది. ఇప్పుడు డబ్బా ఇచ్చే కిటికీ దగ్గరే అడిగి నింపిస్తున్నాం.